పదవీకాలం ఎవరి చేతిలో?

ఫలానా కమిషనరును మార్చారని వార్త వస్తే, ఆదివారం ఆరాధన ముగిశాక మందిరం ఆవరణలో కాసేపు మాటలు నడుస్తాయి. ‘ప్రభుత్వం వేసిన మనిషిని ప్రభుత్వమే తీస్తే తప్పేముంది?’ అని ఎవరో ఒకరు తప్పక అంటారు. ఆ మాట కొన్ని పదవులకే సరిపోతుంది.

రాష్ట్ర అడ్వకేట్ జనరల్‌కు రాజ్యాంగం కాలపరిమితి పెట్టలేదు. ఆయన ప్రభుత్వం తరఫు న్యాయవాది గనుక, ప్రభుత్వం మారితే తప్పుకోవడం రివాజు. పబ్లిక్ సర్వీస్ కమిషన్ సభ్యుల సంగతి అలా కాదు. వారికి 6 ఏళ్లు, లేదా 62 ఏళ్ల వయసు వచ్చేవరకు గడువు. దుష్ప్రవర్తన ఆరోపణతో తొలగించాలంటే ముందు సుప్రీం కోర్టు విచారించాలి. మన పిల్లలు రాసే గ్రూప్ పరీక్షలు నడిపేది ఈ కమిషనే మరి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020లో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. కరోనా కారణంగా రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ మార్చిలో స్థానిక ఎన్నికలు వాయిదా వేశారు. ప్రభుత్వానికి అది నచ్చలేదు. (వాయిదా సబబా కాదా అన్న వాదనలోకి మేము వెళ్లడం లేదు.) ఏప్రిల్ 10న ఆర్డినెన్సు వచ్చింది: కమిషనర్ పదవీకాలం 5 ఏళ్లు కాదు, 3 ఏళ్లే. ఆయన 2016లో నియమితులయ్యారు గనుక ఆ రోజే పదవి పోయింది. పేరు పెట్టి తొలగించకుండానే తొలగించినట్టయింది! హైకోర్టు మే 29న దాన్ని కొట్టివేసింది. అయినా ఆయన మళ్లీ కుర్చీలో కూర్చునేసరికి ఆగస్టు వచ్చింది. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు ఆయన ఆధ్వర్యంలోనే జరిగాయి.

నియామకం తర్వాత కమిషనర్‌కు నష్టం కలిగేలా సర్వీసు షరతులు మార్చకూడదని రాజ్యాంగం 243కె అధికరణం చెబుతుంది. హైకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతిలో తప్ప ఆయనను తొలగించకూడదనీ అంటుంది.

ఇలాంటి రక్షణ లేనివారి గురించే మా దిగులు. 2005 నాటి సమాచార హక్కు చట్టం సమాచార కమిషనర్లకు 5 ఏళ్లు ఇచ్చింది. 2019లో చట్టాన్ని సవరించి, ఆ గడువును నిర్ణయించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి అప్పగించారు. అదే ఏడాది నిబంధనల్లో దాన్ని 3 ఏళ్లు చేశారు. రాష్ట్ర కమిషనర్లకూ అంతే. పింఛను ఎందుకు ఆగిందని దరఖాస్తు పెట్టి, జవాబు రాక, పై అధికారి దగ్గరా పని జరగని ముసలమ్మ రెండో అప్పీలు చివరికి చేరేది వారి బల్ల మీదికే.