కొండను కడిగే చేతులు

మంగళవారం తెల్లవారి... తిరుమల ఆలయంలో ఆ రోజు ఒక పెద్ద శుభ్రత పండుగ! మూలవిరాట్టును వస్త్రంతో కప్పేస్తారు. పూజాసామగ్రిని బయటికి తెస్తారు. గోడలు, పైకప్పు, స్తంభాలు నీళ్లతో కడుగుతారు. ఆ తర్వాత నామకోపు, శ్రీచూర్ణం, కస్తూరి పసుపు, పచ్చాకు, గడ్డకర్పూరం, గంధం పొడి, కుంకుమ, కిచిలిగడ్డ కలిపిన సుగంధజలాన్ని అంతటా చల్లుతారు. ఇదే కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం. ఉగాది, ఆణివార ఆస్థానం, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి... ఏడాదిలో ఈ నాలుగింటి ముందూ తప్పనిసరి. యాసిడ్ లేదు, ఘాటైన ఫినాయిల్ లేదు. శుభ్రతంటే సువాసన అని మన పెద్దలు ఎప్పుడో తేల్చేశారన్నమాట!

గుడి లోపలి సంగతి అది. మరి గుడి బయట? రద్దీ రోజుల్లో డెబ్భై, ఎనభై వేలమంది కొండెక్కుతారు. వాళ్లు తాగిన కాఫీ కప్పు, తిన్న అరటిపండు తొక్క, వాడిన స్నానాల గది... వీటన్నిటినీ ఎవరో ఒకరు శుభ్రం చేయాలి. వాళ్లెవరో మనం పట్టించుకోం. వాళ్లు పనికి రాని రోజున మాత్రం తెలుస్తుంది!

2023 ఏప్రిల్‌లో తెలిసింది. కాంట్రాక్టు కింద పనిచేసే పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకు దిగారు. తమను తితిదే ఆధ్వర్యంలోని కార్పొరేషన్‌లోకి తీసుకోవాలన్నది వారి డిమాండ్లలో ఒకటి. సెలవుల రద్దీ మొదలయ్యే కాలం. కింది నుంచి మనుషుల్ని రప్పించాల్సి వచ్చింది, మిగతా విభాగాల ఉద్యోగులూ చీపుర్లు పట్టారు. మే నెలలో 'సుందర తిరుమల - శుద్ధ తిరుమల' పేరిట నడకదారుల్లో, ఘాట్ రోడ్లలో చెత్త ఏరే కార్యక్రమం మొదలైంది. సుప్రీంకోర్టు విశ్రాంత ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణ కూడా పాల్గొన్నారు. మంచిదే. అయితే ప్రముఖులు ఒక్క పూట చెత్త ఎత్తితే ఫొటో వస్తుంది, కార్మికులు రోజూ ఎత్తితే జీతం రావాలి కదా!

యంత్రం ఉంటే చాలా?

'ఇన్ని మిషన్లు వచ్చాయి, ఇంకా మనుషులెందుకు?' అనేవాళ్లున్నారు. విమానాశ్రయాల్లోనూ పెద్ద రైల్వేస్టేషన్లలోనూ నేల కడిగే బండి చూసే ఉంటారు. దాని పేరు స్క్రబ్బర్ డ్రైయర్. లోపల రెండు ట్యాంకులు. ఒకదాన్నుంచి మంచినీళ్లు కొద్దికొద్దిగా పడుతుంటే అడుగున బ్రష్షులు గిర్రున తిరుగుతూ నేలను రుద్దుతాయి. వెనకాల రబ్బరు పట్టీ ఆ మురికినీటిని లాగి రెండో ట్యాంకులోకి పంపేస్తుంది. పైపు పెట్టి కడిగేదాంతో పోలిస్తే ఎంతో నీరు మిగులుతుంది. నేల వెంటనే ఆరిపోతుంది. చెప్పుల్లేకుండా నడిచే భక్తులకు కాలుజారే భయం తగ్గుతుంది. గోగర్భం, పాపవినాశనం, కుమారధార, పసుపుధార వంటి కొండమీది డ్యాములు నిండితేనే ఊపిరి పీల్చుకునే ఊరికి నీటి పొదుపు చిన్న విషయమేం కాదు. పైగా కొండమీద వాడిన రసాయనం ఎక్కడికి పోతుంది? చుట్టూ ఉన్నది శేషాచలం అడవి. 2010లో దాన్ని జీవావరణ రక్షితప్రాంతంగా ప్రకటించారు.

కానీ మిషను చదునైన చోటే తిరుగుతుంది. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి. శ్రీవారిమెట్టు దారిలో 2,388. అక్కడికి ఏ బండీ ఎక్కదు. పొరక పట్టుకున్న మనిషే ఎక్కాలి. మెట్టు మెట్టుకీ నడుము వంచాలి. పొడవాటి పిడి ఉన్న చీపురు, చేతికి గ్లౌజులు, మంచి బూట్లు... యంత్రం ధరతో పోలిస్తే ఇవి ఎంత? ఆ మెట్ల మీద చెత్త కేవలం చూపుకి బాగుండకపోవడం కాదు. 2023లో నడకదారిలో పిల్లలపై చిరుతలు దాడి చేశాయి. ఆ తర్వాతే, దారి పక్కన జంతువులకు తిండి పెట్టవద్దని గట్టిగా చెప్పడం మొదలైంది. తిండి పారేసిన చోటికి చిన్న జంతువులు వస్తాయి, వాటి వెనకే పెద్దది!

అసలు చెత్తే రాకుండా చూడటం ఇంకా తెలివైన పని. 2022 జూన్ 1 నుంచి కొండమీద ప్లాస్టిక్‌ను నిషేధించారు. షాంపూ ప్యాకెట్లు సహా. నీళ్లు గాజుసీసాల్లోకి మారాయి. మొదట్లో భక్తులు గొణుక్కున్నారు గానీ ఊడ్చేవాళ్లకు ఎంత ఊరటో!

యంత్రాలు చేసే కంపెనీలకూ బాధ్యతుంది. జర్మనీకి చెందిన కార్షర్ సంస్థ 2005లో అమెరికాలోని రష్‌మోర్ కొండమీది అధ్యక్షుల రాతి ముఖాలను రసాయనాల్లేకుండా వేడినీటితో కడిగి పేరు తెచ్చుకుంది. అది ప్రచారానికి బాగుంటుంది. ఇక్కడ అవసరమైంది మరొకటి. మిషను అమ్మాక నడిపేవాళ్లకు శిక్షణివ్వాలి. బ్రష్షు అరిగితే కొత్తది దొరకాలి. అవి లేకపోతే లక్షల రూపాయల బండి షెడ్డులో దుమ్ము కొట్టుకుపోతుంది, చీపురే మళ్లీ దిక్కవుతుంది. చచ్చిపోయిన బ్యాటరీ సంగతీ చూడాలి. వాడేసిన బ్యాటరీలు వెనక్కి తీసుకునే ఏర్పాటు తయారీదారులదేనని 2022లో కేంద్రం నిబంధనలు తెచ్చింది.

యంత్రం ఎవరిది?

చిత్తూరు జిల్లా సరిహద్దు దాటితే కోలార్ బంగారు గనులు. అక్కడి తెలుగు కుటుంబంలో పుట్టినవాడే బెజవాడ విల్సన్. చేతులతో మలం ఎత్తే దురాచారంపై దశాబ్దాలు పోరాడి 2016లో రామన్ మెగసెసే అవార్డు అందుకున్నారు. ఆ పనిని నిషేధిస్తూ 2013లో చట్టమొచ్చింది. రక్షణ లేకుండా మ్యాన్‌హోల్లోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడం నేరం. అలా చనిపోయినవారి కుటుంబానికి ఇచ్చే పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో పది లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. పెంచాల్సి వచ్చిందంటే దింపుతూనే ఉన్నారని అర్థం.

మిషను వస్తే వీళ్ల కూడు పోదా అన్న భయం న్యాయమైందే. దానికి హైదరాబాద్ ఒక దారి చూపింది. ఇరుకు సందుల్లోకి వెళ్లగలిగే 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను 2017లో జలమండలి రంగంలోకి దించింది. దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీ తోడైంది. బ్యాంకు రుణంతో బండి కొనుక్కున్నవారికి పని జలమండలి ఇచ్చింది. 2019లో ఢిల్లీ కూడా ఇదే బాటలో 200 యంత్రాలు తెచ్చింది. బండి మీద పేరు కాంట్రాక్టరుది కాదు, దాన్ని కొనుక్కున్నవాళ్లది.