పులిసిన పాల మీద తేలే నూనె

కోనసీమలోని అంబాజీపేట మార్కెట్లో కురిడీకి, అంటే కాయలోనే ఎండిన కొబ్బరికి, గండేరా, గటగట అని రకాన్నిబట్టి ధర పలుకుతుంది. అక్కడ అలవాటైన నూనె ఎండుకొబ్బరిని ఆడించి తీసింది. పచ్చికొబ్బరి పాలను పులియబెట్టి తీసేది వేరు. ముడతలు పోతాయంటూ అమ్మే ‘వర్జిన్’ కొబ్బరినూనెలో కొంత ఇలా తయారైందే.

ముదురుకాయను కోరి, గోరువెచ్చని నీళ్లు పోసి పాలు పిండుతారు. మూతపెట్టి, వెచ్చటి చోట ఒక రోజు కదపకుండా ఉంచుతారు. కొబ్బరిపాలలో ప్రతి నూనెబొట్టు చుట్టూ మాంసకృత్తుల పొర ఉంటుంది. అందుకే నూనె ఓ పట్టాన విడిపోదు. లాక్టిక్ బ్యాక్టీరియా పాలలోని చక్కెరను ఆమ్లంగా మార్చేకొద్దీ ఆ పొర విరుగుతుంది. మర్నాటికి అడుగున పుల్లటి నీరు, దాని మీద తెల్లటి ముద్ద, పైన తేటనూనె. ఆ నూనెను వడకట్టి తడి పోగొట్టాలి. లేకపోతే కొద్దిరోజులకే కంపు కొడుతుంది.

పులిసినందువల్ల పుట్టిన లాక్టిక్ ఆమ్లం నీళ్లలో కరుగుతుంది, నూనెలోకి దాదాపు రాదు. పులిసిన పండ్లసారమని అమ్మే సీరమ్‌లలో గొప్పగా చెప్పే ఆమ్లాల్లో ఇదీ ఒకటి. ఇక్కడ అది అడుగునీళ్లతోనే పోతుంది. అలాగని ఆ నీళ్లను ముఖానికి పట్టించకండి. ఎంత ఆమ్లం ఉందో, ఏ సూక్ష్మజీవి పెరిగిందో ఇంట్లో కొలవలేం. పైగా ఈ జాతి ఆమ్లాలు రాస్తే చర్మం ఎండకు తొందరగా కములుతుంది.

నూనె చేసే మేలు తక్కువేం కాదు. దాని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. ఎగ్జిమా ఉన్న పిల్లలపై ఫిలిప్పీన్స్ వైద్యులు జరిపి, 2014లో ప్రచురించిన పరీక్షలో 8 వారాలకు వర్జిన్ కొబ్బరినూనె మినరల్ ఆయిల్ కన్నా బాగా పనిచేసింది. చర్మంలోంచి తేమ ఆవిరైపోవడం తగ్గింది. మొటిమలు వచ్చే ముఖానికి మాత్రం రాయకపోవడమే మంచిది, రంధ్రాలు పూడుకుపోవచ్చు.

ముడతలకు పెద్ద కారణం ఎండ. అందులోని అతినీలలోహిత కిరణాలు చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్‌ను తెంచేస్తాయి. ఆస్ట్రేలియాలో రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవారిలో నాలుగున్నరేళ్ల తర్వాత కూడా చర్మం గుర్తించదగినంతగా ముదరలేదని 2013లో తేలింది. కొబ్బరినూనె ఆ పని చేయదు. చెట్టెక్కి కాయ దింపేవారికి, చేలో వంగి నాట్లేసే ఆడవాళ్లకు తలపాగా, నిండుచేతుల చొక్కా ఏ సీసా కన్నా ఎక్కువ కాపుదల.

ఇంతకీ ఈ నూనె కాయధర పడిపోయినప్పుడు రైతుకు ఆసరా కాగల సరుకు. ‘పొడిచర్మానికి మంచిది’ అని నిజం రాసి అమ్మినా కొనేవాళ్లుంటారు.