మాటలు ఆలస్యమైతే తప్పు భాషలదేనా? చిన్నారుల్లో ఆటిజాన్ని గుర్తించడం ఎలా

న్యూదిల్లీ: పశ్చిమ దిల్లీలోని జనక్‌పురిలో పెరిగే తెలుగు పిల్లల చెవిన మూడు భాషలు పడతాయి: ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లిష్‌. 1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్థాపించిన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీకి ఇక్కడ కూడా పాఠశాల ఉంది. ఇటువంటి కుటుంబాల్లో రెండేళ్ల బిడ్డకు మాటలు రాకపోతే, భాషలు ఎక్కువై తికమకపడుతోందని పెద్దలు సర్దిచెప్పుకోవడం సహజం. అయితే బహుభాషా వాతావరణం ఆటిజానికి కారణం కాదు. ఆ సర్దుబాటు మాటున విలువైన నెలలు గడిచిపోవడమే అసలు నష్టం. ఆక్యుపేషనల్ థెరపీ విద్యార్థులు తొలుత గ్రహించవలసింది ఇదే.

మాట కన్నా ముందు సైగ

గోరుముద్దలు తినిపిస్తూ తల్లి చందమామను చూపితే, బిడ్డ ఆమె వేలి వెంట ఆకాశం వైపు చూసి, మళ్లీ ఆమె ముఖం చూస్తుంది. ఈ ఉమ్మడి దృష్టి ఏ భాషకూ చెందినది కాదు. ఏ భాషలు వింటూ పెరిగినా సాధారణంగా పిల్లలు ఏడాది నిండేసరికి పేరు పిలిస్తే తిరిగి చూస్తారు, టాటా చెబుతారు. ఏడాదిన్నరకు నచ్చినదాన్ని వేలితో చూపిస్తారు. ఇవి లోపించినా, వచ్చిన మాటలు పోయినా పరీక్ష అవసరం. ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి.

మాటలు వచ్చిన పిల్లల్లోనూ తేడా కనిపించవచ్చు. దాహమేసినప్పుడు ‘నీళ్లు కావాలా?’ అన్న తల్లి ప్రశ్ననే అదే స్వరంతో వల్లించడం ఒక ఉదాహరణ. ఇది అర్థంలేని వల్లింపు కాదు. తన అవసరాన్ని తెలిపే ప్రయత్నం.

ఇంద్రియాల తీరు

కుక్కర్ కూతకు చెవులు మూసుకోవడం, పెరుగన్నం మెత్తదనాన్ని భరించలేకపోవడం, తిరిగే ఫ్యాన్‌నే చూస్తుండటం, దెబ్బ తగిలినా పట్టించుకోకపోవడం వంటివి మొండితనంగా కనిపిస్తాయి. ఇంద్రియ స్పందనల్లోని ఈ హెచ్చుతగ్గులను అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో నిర్ధారణ ప్రమాణాల్లో చేర్చింది. తినడం, దుస్తులు తొడుక్కోవడం, ఆట, నిద్రలో ఇవి ఎక్కడ అడ్డుపడుతున్నాయో కనిపెట్టడం థెరపిస్టు పని. ఏ ఒక్క లక్షణంతోనూ నిర్ణయానికి రాకూడదు.

నిర్ధారణ, హక్కులు

పదహారు నుంచి ముప్పై నెలల పిల్లల కోసం తల్లిదండ్రులను అడిగే 20 ప్రశ్నల ఎం-చాట్ ప్రాథమిక వడపోత మాత్రమే. నిర్ధారణ వైద్య నిపుణులది. వైకల్య ధ్రువీకరణకు దేశంలో వాడే ఐసా కొలమానం సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థలో రూపొందింది. అందులో 40 అంశాలుంటాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి.

ఇంటి భాషే ఆసరా

ఇంట్లో తెలుగు మాని హిందీ లేదా ఇంగ్లిష్ మాత్రమే మాట్లాడాలన్న సలహాకు శాస్త్రీయ ఆధారం లేదు. అలవాటులేని భాషలో తల్లి లాలింపు తగ్గుతుంది, అమ్మమ్మతో బిడ్డ బంధం సన్నగిల్లుతుంది. అందుకే అంచనా వేసేటప్పుడు ఇంట్లో ఏ మాటతో పిలుస్తారో, ఏ ఆట ఆడిస్తారో విద్యార్థి అడగాలి. తెలుగులో పిలిస్తే తిరిగి చూసే బిడ్డను, హిందీలో పలకలేదన్న కారణంతో స్పందించడం లేదని రాయడం పొరపాటు.