డేటాబేసులోని ప్యాకేజీలు: మరల కంపైలు చేయుట యెందులకు?

విద్యుచ్ఛక్తి బిల్లు, బ్యాంకు వడ్డీ మొదలగువానిని నేడు కంప్యూటరే లెక్కకట్టుచున్నది. అందులకు కావలసిన సమాచారము డేటాబేసులోని పట్టికలయందుండును. లెక్కకట్టు ప్రోగ్రామును సైతము పలు సంస్థలు ఆ పట్టికల చెంతనే భద్రపరచును. ఆ ప్రోగ్రాము ఒక్కొక్కప్పుడు చెల్లకుండ పోవును. అట్లేల జరుగునో, దానిని సరిచేయు విధమేమో మనమిప్పుడు తెలిసికొందము.

సమాచారమును పట్టికలుగా అమర్చు సిద్ధాంతమును ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన ఇ. ఎఫ్. కాడ్ 1970లో ప్రకటించెను. ఆ మార్గమున వెలసిన డేటాబేసులలో ఒరాకిల్ ఒకటి. 1992లో వచ్చిన దాని 7వ రూపమునుండి ప్రోగ్రాములను అందులోనే దాచు వీలు కలిగినది. ఒక పనికి సంబంధించిన ప్రోగ్రాములను ఒక్కచోట చేర్చి యుంచినచో దానిని ప్యాకేజీ యందురు.

కంపైలు చేయుట యనగా మనుష్యుడు వ్రాసిన ప్రోగ్రామును యంత్రము నడుపగల రూపమునకు మార్చుట. ఆ సమయముననే అందు పేర్కొన్న పట్టికలు, వాని నిలువు వరుసలు ఉన్నవో లేవో డేటాబేసు సరిచూచును. ఏది దేనిపై ఆధారపడినదో వ్రాసి యుంచుకొనును.

మన వంటింటి పోపులపెట్టెను తలచుకొందము. ఆవాల గిన్నె ఎటున్నదో ఇల్లాలి చేతికి తెలియును. ఎవరైన సర్ది, ఆ గిన్నెలో మెంతులు పోసినచో చేయి అలవాటు చొప్పుననే పోవును, పోపు చేదగును. డేటాబేసు ఆ పొరపాటు జరుగనీయదు. ప్రోగ్రాము వాడుకొను నిలువు వరుస మారినంతనే ఆ ప్రోగ్రామునకు ‘ఇన్‌వ్యాలిడ్’, అనగా చెల్లనిది, అను గురుతు పెట్టును. పాడైనదని దీని యర్థము కాదు. మరల సరిచూడవలెనని మాత్రమే.

అట్టి ప్రోగ్రామును ఎవరైన పిలిచినచో డేటాబేసు తనంత తానే దానిని మరల కంపైలు చేయ యత్నించును. దరల పట్టికలో అంకెలకు చోటు పెంచి యుండినచో ఆ పని సాధారణముగ సజావుగా ముగియును. నిలువు వరుస పేరే మార్చి యుండినచో పాత పేరు దొరకక కంపైలు విఫలమగును; బిల్లుల పని అక్కడితో ఆగిపోవును.

ఈ చిక్కు వ్యాపింపకుండుటకే ప్యాకేజీని రెండు భాగములుగా వ్రాయుదురు. బయటివారికి కనబడు వాగ్దానము స్పెసిఫికేషన్; దానిని నెరవేర్చు లోపలి పని బాడీ. బాడీని మాత్రమే మార్చి కంపైలు చేసినచో, ప్యాకేజీని పిలుచు ఇతర ప్రోగ్రాములు చెల్లుబాటుగనే యుండును. స్పెసిఫికేషన్ మారినచో దానిని నమ్ముకొన్నవి వరుసగా చెల్లనివి కావచ్చును. 2007లో వచ్చిన 11జి రూపమునకు మునుపు, పట్టికలో క్రొత్త నిలువు వరుస చేర్చినను దానితో పనిలేని ప్రోగ్రాములకు సైతము ఆ గురుతు పడుచుండెడిది. పిమ్మట ఆ బాధ చాలవరకు తగ్గినది.

కంపైలు చేయు వేళయు ముఖ్యమే. ప్యాకేజీ నడుచుచుండగా దానిని కంపైలు చేయబోయినచో ఆ పని ముగియువరకు వేచియుండవలయును. వెనుక వచ్చినవారు దాని వెనుక నిలువవలయును. ప్యాకేజీ తన జ్ఞాపకములో విలువలను నిలుపుకొన్నచో, కంపైలైన పిదప అవి చెరిగిపోవును. అప్పటికే దానిని వాడుచున్నవారికి తరువాతి పిలుపున ఓ.ఆర్.ఏ.-04068 అను దోషము కనబడును.

అందువలన రద్దీలేని రాత్రివేళ ఈ పని ముగించుట మేలు. ఒక్క ప్యాకేజీకి ‘ఆల్టర్ ప్యాకేజీ’ ఆజ్ఞ చాలును. అనేకమున్నచో యూటీఎల్‌ఆర్‌పీ అను స్క్రిప్టు ఒకదానిపై నొకటి ఆధారపడిన క్రమమును గమనించి అన్నిటిని కంపైలు చేయును. ఇంకను చెల్లనివి మిగిలినచో ‘యూజర్ ఆబ్జెక్ట్స్’ అను పట్టికలోను, వాని కారణములు ‘యూజర్ ఎర్రర్స్’ అను దానిలోను కనబడును.

ఐనను ఒక్క మాట మరువరాదు. కంపైలు చేయుటవలన పేర్లు, రూపములు మాత్రమే సరిచూడబడును. యూనిట్టు ధరను తప్పుగ వ్రాసిన ప్యాకేజీయు చెల్లునదిగనే కనబడును. మన యింటికి వచ్చు బిల్లు న్యాయమైనదా కాదా యని చూడవలసినవాడు మనుష్యుడే.