బెదురు కుందేలు, దానికో తోడు

కిందటేడు ఉగాది అయిన వారానికి మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక సభ్యుడు ఫోటో పెట్టారు. తెల్ల కుందేలు, పంజరంతో సహా ఉచితం. పిల్లవాడి పుట్టినరోజుకు కొన్నారట, మోజు తీరిపోయిందట. ఎవరూ తీసుకోకపోతే పార్కులో వదిలేస్తామని కింద రాశారు. ఆ చివరి మాటే నన్ను ఈ వ్యాసానికి కూర్చోబెట్టింది.

పెంపుడు కుందేలు బయట బతకదండీ. దాని పూర్వీకులది యూరప్‌లోని స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతం. మన ఊళ్లల్లో చేలగట్ల మీద పరుగెత్తే చెవులపిల్లి వేరే జంతువు. దానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, పట్టి తెచ్చి పెంచకూడదు. పంజరంలో పుట్టి పెరిగినదాన్ని పార్కులో వదిలితే కుక్కకో గద్దకో అప్పగించినట్టే.

మా ఇంట్లో అప్పటికే ఒక ఆడ కుందేలు ఉంది. బెంగళూరులో మా కుటుంబం స్థిరపడి మూడు తరాలు. మనవరాలికి ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. కుందేలు కావాలని పట్టుబట్టింది. ఎన్ని చెప్పినా ఆ పిల్ల పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. సరే, కొనడం ఎందుకని, జంతువులను కాపాడే ఒక ఆశ్రమం నుంచి తెచ్చుకున్నాం. కన్నడంలో కుందేలును మొల అంటారు, అక్కడ దాన్ని అలాగే పిలిచేవారు. మనకు మొల అంటే నడుము కదా, మా ఆవిడ నవ్వి ఆ పేరే ఉంచేసింది.

వచ్చిన మొదటి వారం మొల మంచం కింద నుంచి కదలలేదు. మనిషి అడుగు వినబడితే వెనక కాళ్లతో నేల మీద దబ్బున కొట్టేది. ప్రమాదం ఉందని తన జాతికి చేసే హెచ్చరిక అది. కుందేలు వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. పైనుంచి చెయ్యి దిగితే దానికి గద్ద వాలినట్టే. అందుకే ఎత్తుకుని ముద్దు చేస్తే మచ్చికవుతుందన్నది పొరపాటు. వెల్లకిలా పడుకోబెడితే కదలకుండా ఉంటుంది, హాయిగా ఉండి కాదు, భయంతో బిగుసుకుపోయి. చెవులు పట్టి ఎత్తడం సినిమాల్లో ఎంత చూసినా, ఇంట్లో ఎప్పుడూ చేయకండి. ఎత్తక తప్పకపోతే ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి వెనక కాళ్ల కింద ఆనించాలి. వెన్ను చాలా సున్నితం, గింజుకుంటే విరగవచ్చు.

నేను చేసిందల్లా రోజూ సాయంత్రం నేల మీద చాప వేసుకుని పేపరు చదవడం. దాని వైపు చూడలేదు, పిలవలేదు. పదకొండో రోజు వచ్చి నా పంచె అంచు వాసన చూసి వెళ్లింది. ఈ తేదీలన్నీ నా దగ్గర ఉన్నాయి. గుమాస్తా బుద్ధి, రిజిస్టరు పెట్టకుండా ఉండలేను.

ఆ రిజిస్టరే ఒకసారి దాన్ని బతికించింది. ఒకరోజు పొద్దున్న నుంచి మేత గడిలో ఏమీ రాయలేదని సాయంత్రం గమనించాను. పెంటికలు కూడా లేవు. కుందేలు పేగు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. పది పన్నెండు గంటలు తినకపోతే అది అత్యవసరమే, రేపు చూద్దామనుకుంటే ఆలస్యమైపోతుంది. మొదట వెళ్లిన డాక్టరు తాను కుక్కలనే చూస్తానన్నారు. రెండోవారు దొరికేసరికి రాత్రి తొమ్మిదయింది. కుందేళ్లను చూసే డాక్టరు ఎక్కడున్నారో జంతువు ఇంటికి రాకముందే కనుక్కోండి. ఇంకొకటి, గోమార్లకని కుక్కల మీద చల్లే ఫిప్రోనిల్ మందు కుందేలుకు విషం.

మేత సంగతి. క్యారెట్లు కాదు, ఎండుగడ్డి ముఖ్యం. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. పూజకు తెచ్చే గరిక, కడిగి ఆరబెట్టిన కొత్తిమీర, ముల్లంగి ఆకు పెట్టవచ్చు. అన్నం, చపాతీ, బిస్కెట్లు వద్దు.

ఇక తోడు. కుందేళ్లు గుంపుగా బతికే జీవులు. మనం ఎంత బాగా చూసుకున్నా దాని భాషలో పలకరించలేం. ఇది మనలాంటివాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. పార్కులో వదిలేస్తామన్న ఆ తెల్లదాన్ని మేమే తెచ్చాం. మగది.

తెచ్చిన రోజే రెంటినీ మొల గదిలో కలిపాను. అది నా తప్పు. అరనిమిషంలో బొచ్చు ఎగిరింది, కొత్తదాని చెవి చిరిగి కుట్లు పడ్డాయి. మొల దృష్టిలో అది తన ఇల్లు, వచ్చింది దొంగ. డాక్టరమ్మ నన్ను బాగానే చీవాట్లు పెట్టారు.

మొలకు ఆశ్రమంలోనే కు.ని. ఆపరేషన్ అయింది. ఆడ కుందేలుకు ఆ ఆపరేషన్ చేయిస్తే గర్భసంచి క్యాన్సర్ భయం కూడా పోతుంది. చెవి మానాక మగదానికీ చేయించాం. ఆ తర్వాత ఆరు వారాలు ఆగాం. మగవాటికి ఆపరేషన్ అయిన వెంటనే సంతాన శక్తి పోదు, పౌరుషం కూడా మెల్లగానే తగ్గుతుంది. ఆ ఆరు వారాలూ పక్కపక్కన రెండు కంచెలు, మధ్యలో జానెడు ఎడం. దీని గుడ్డ దానికి, దాని గుడ్డ దీనికి మార్చేవాళ్లం, వాసన అలవాటు కావాలని. మేత కంచెకు దగ్గరగా ఒకే వేళకు పెట్టేవాళ్లం.

కలపడానికి రెంటికీ కొత్తదైన చోటు కావాలి. మా సంఘం ఆఫీసు గది తాళాలు నా దగ్గరే ఉంటాయి కదా, ఆదివారాలు అక్కడికి తీసుకెళ్లాను. నేల మీద కొత్తిమీర చల్లి మొదటిసారి పది నిమిషాలు. చేతిలో చీపురు, కాలికి బూట్లు. కొట్లాటలో ఒట్టి చెయ్యి పెడితే మన వేలు తెగుతుంది. కాస్త తరమడం, మీదెక్కడం మామూలే. చెవులు వెనక్కి వాల్చి తోకెత్తి గుండ్రంగా తిరిగితే మాత్రం వెంటనే విడదీయాలి. నాలుగో ఆదివారం మొల తల వంచింది, తెల్లది దాని నుదురు నాకింది. ఈలోగా మా రశీదు పుస్తకం అంచు రెండూ కలిసి తినేశాయి, కోశాధికారి గారు ఇంకా అంటూనే ఉంటారు.

జత కుదిరాక విడదీయకూడదు. ఒకదాన్ని డాక్టరుకు చూపిస్తే రెంటినీ తీసుకెళ్తాం, వాసన మారి మళ్లీ గొడవ రాకుండా. చెన్నైలో, షోలాపూర్‌లో, యానాంలో ఉండేవారికి ఇంకో మాట. ముప్పై డిగ్రీలు దాటిన ఎండ వీటికి కష్టం. ఎండాకాలం చల్లటి గది, గుడ్డ చుట్టిన ఐసు నీళ్ల సీసా ఉండాలి. మేడ మీద రేకుల కింద పెట్టేటట్టయితే తెచ్చుకోవద్దు. బాగా చూసుకుంటే ఎనిమిది పదేళ్లు బతుకుతుంది, పిల్లవాడు కాలేజీకి వెళ్లాక ఎవరు చూస్తారో ఇప్పుడే అనుకోండి.

మొన్న దీపావళికి వాటిని లోపలి గదిలో ఉంచి కిటికీలకు దుప్పట్లు కట్టాం. మొదటి బాంబుకే మొల దబ్బున నేల తన్నింది. తెల్లది వెళ్లి దానికి ఆనుకుని కూర్చుంది. రాత్రి పదకొండుకు చూస్తే రెండూ ఒకే గడ్డి మోపు తింటున్నాయి, రిజిస్టరులో రాసుకున్నాను.