పూయని మొక్కను ఏమి చేయవలెను?

పెరటిలో మొక్క నాటుట సులభము. అది పూయక, కాయక, గిడసబారి నిలిచినప్పుడు దానిని ఉంచుటయా, తీయుటయా అని తేల్చుకొనుట కష్టము. దినదినము నీరు పోసి పెంచిన చేతితో పెకలించుటకు మనసొప్పదు. ఉంచినచో, ఉన్న కొద్దిపాటి చోటును అది ఆక్రమించుకొని యుండును. ఈ నిర్ణయమునకు ఒక క్రమమును సూచించుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము. హైదరాబాదులోని జూబ్లీహిల్సు, ఫిలింనగరు తోటలను ఇందులకు దృష్టాంతముగా గ్రహించుచున్నాము. అచ్చటి నేల తోటమాలి ఓపికను మిక్కిలి పరీక్షించునది.

ఆ కొండలు సుమారు 250 కోట్ల ఏండ్లనాటి గ్రానైటు గుట్టలు. వానిపై మన్ను పలుచన. ఇండ్లు కట్టునప్పుడు బండలను పగులగొట్టి, చదును చేసి, వెలుపలినుండి తెచ్చిన మట్టి పోసి, దానిపై తోటలు వేయుదురు. చూచుటకు అంతయు ఒకటే తోట. క్రింద మాత్రము ఒకచోట మూడడుగుల మన్ను, ప్రక్కనే అడుగు లోతున బండ. కనుక ఒకే దినమున తెచ్చిన రెండు మామిడి అంట్లలో ఒకటి విరగకాయుట, రెండవది గిడసబారుట అచ్చట వింత కాదు.

ఆ ప్రాంతమునకు మరియొక విశేషము కలదు. 1970ల మధ్యకాలమున అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిన నాటినుండి ఆ గుట్టలు క్రమముగా తెలుగు చలనచిత్రములకు నెలవైనవి. చిత్రములో ఒక దృశ్యమునకు పూలతోట కావలసినచో, పూచిన మొక్కలను కుండీలతో తెచ్చి పేర్చుదురు. పని ముగియగానే తీసికొనిపోవుదురు. ఆ తోట ఒక్క దినము పూచిన చాలును. ఇంటితోట అట్టిది కాదు. అయినను పూలతో కొనితెచ్చిన మొక్క మరుసటి ఏడు పూయకున్నచో, దానిని కూడ సెట్టులోని మొక్కవలెనే తొలగింపజూచు తొందర మనలో పలువురకు ఉన్నది. ఆ తొందరకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుట మేలు.

మొదటి ప్రశ్న: దానికి తగిన గడువు ముగిసినదా? టెంకనుండి మొలచిన మామిడి కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. అంటుమొక్క మూడు నాలుగేండ్లలోనే కాయును. గింజనుండి పెరిగిన సంపెంగ పూయుటకు ఎనిమిది, పదియేండ్లు పట్టవచ్చును. ఇక మామిడికి ఒక ఏడు విరివిగా కాచి మరుసటి ఏడు విశ్రమించు స్వభావము కలదు. ఆ విశ్రాంతిని గొడ్డుతనమని భ్రమింపరాదు. మొక్క తెచ్చిననాడే అది అంటో, గింజమొక్కయో అడిగి, నాటిన సంవత్సరమును వ్రాసి పెట్టుకొన్నచో సగము నిరాశ తొలగిపోవును. లెక్కింపవలసినది మొక్క గడువును గాని మన ఓపికను కాదు.

రెండవ ప్రశ్న: లోపము మొక్కదా, మన పెంపకముదా? కాగితపుపూల తీగకు నీరు ఎక్కువైనను, నీడ పడినను ఆకులేగాని పూలు రావు. మల్లెకు శీతకాలమున నీరు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసినగాని వేసవిలో పూత నిండుగా రాదు. నర్సరీ సంచిలో చిరకాలముండిన మొక్క వేళ్లు చుట్టలు చుట్టుకొని, నేలలో నాటిన పిమ్మటను అట్లే తిరుగుచుండును, మొక్క ఎదుగదు. ఇనుపగడ్డను మొదటి చుట్టును అక్కడక్కడ దించి చూచినచో బండ ఎంత లోతున నున్నదో తెలియును.

వెలుతురు విషయము ఇంకను ఆసక్తికరము. చామంతి పగళ్లు తగ్గి రాత్రులు పెరుగు కాలమున మొగ్గ తొడుగును. పూతకును పగటి నిడివికిని గల ఈ సంబంధమును 1920లో అమెరికా శాస్త్రజ్ఞులు గార్నరు, అల్లార్డు అనువారు ప్రకటించిరి. చామంతికి ఆ దీర్ఘరాత్రులలో చీకటి తెగరాదు. తెల్లవార్లు దీపములు వెలుగు ప్రహరీగోడ ప్రక్కన కుండీ నుంచినచో, ఆ మొక్కకు శీతకాలమే రానట్లగును. అది బలముగా పెరుగును గాని మొగ్గ తొడుగుటకు జంకును. తప్పు మొక్కది కాదు, దీపముది. కుండీని ఇంటివెనుక చీకటికి మార్చిన చాలును.

ఇట్టి సందేహము కలిగినప్పుడు ఒక ఋతువునకు ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. నీరు, ఎరువు, చోటు అన్నియు ఒకేసారి మార్చినచో, ఏది పనిచేసినదో తెలియదు. మార్చిన తరువాత ఒక నిండు పూతకాలము వేచి చూడవలెను.

మూడవ ప్రశ్న: ఈ లోపము మారునదా, పుట్టుకతో వచ్చినదా? నాటు బొప్పాయిలో మగచెట్లు, ఆడచెట్లు వేరువేరు. పూత వచ్చువరకు భేదము తెలియదు. పూలు పొడవైన కాడలకు గుత్తులుగా వ్రేలాడినచో అది మగచెట్టు. పది చెట్లకు ఒక మగచెట్టు చాలును. తక్కినవానిని వెంటనే తీయవచ్చును. అంటు గులాబిలో అతుకు క్రిందినుండి లేచిన పిలక అడవి గులాబిది. దానిని త్రుంచకున్నచో అది పై అంటును చంపి తానే నిలుచును. బండమీది పలుచని మట్టిలో కొబ్బరి నిండుగా కాయునని ఆశించుట అడియాసయే. ఇట్టివానిపై జాలిపడుట వ్యర్థము. మొక్కై వంగనిది మానై వంగదు. రెండేండ్ల మొక్కను ఒక్క గడ్డపారతో తీయవచ్చును. ఇరువదియేండ్ల చెట్టును తీయుటకు మనుషులు, యంత్రములు, ప్రభుత్వానుమతి కావలెను. తెలంగాణములో 2002 నాటి జల, భూ, వృక్ష సంరక్షణ చట్టము ప్రకారము అనుమతి లేక చెట్టు కొట్టరాదు.

ఇంతవరకు నిరాశ కలిగించు మొక్కలను గూర్చి చెప్పితిమి. నిరాశ కలిగింపకయే హాని చేయు మొక్కలు కూడ కలవు. కోనోకార్పసు ఇందులకు నిదర్శనము. ఏడాది పొడుగున పచ్చగా, త్వరగా, కోరినట్లు కత్తిరింపబడుచు పెరుగు ఈ విదేశీ వృక్షమును నగరములలో వీథుల వెంట, ప్రహరీల వెంట విరివిగా నాటిరి. నాటినవారి ఆశను అది ఏనాడును వమ్ము చేయలేదు. కాని దాని వేళ్లు నీటిగొట్టములను, కాలువలను చెఱచుననియు, పుప్పొడి శ్వాసకు ఇబ్బంది కలిగించుననియు ఫిర్యాదులు వచ్చినవి. గుజరాతు ప్రభుత్వము 2023లో దీనిని నాటరాదని ఆదేశించెను; తెలంగాణము అంతకుముందే హరితహారమున దీనిని నాటుట మానుకొనెను. కనుక మన కంటికి నచ్చుట, నచ్చకపోవుట తుది తీర్పు కారాదు. వేళ్లు పట్టు తప్పి ఇంటివైపు వాలిన చెట్టు ఎంత పూచినను, అధికారులకు చూపి అనుమతి పొంది తొలగింపదగినదే.

తీసిన పిమ్మట ఆ గుంటలో తిరిగి అదే మొక్క నాటుట తగదు. ఏమి నాటవలెనో తెలిసికొనుటకు జూబ్లీహిల్సువారు దూరము పోనక్కరలేదు. 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి వనము వారి చెంతనే సుమారు 390 ఎకరములలో నున్నది. అందలి చెట్లు ఇదే బండమీద నిలిచినవి. వేప, కానుగ, తంగేడు మొదలైనవి ఈ పరిసరపు రాతినేలకు అలవడినవి. సీతాఫలము అమెరికా ఖండమునుండి వచ్చినదే యైనను, నేడు తెలంగాణపు రాతిగుట్టల సందులలో తనంతట తానే మొలచి కాయుచున్నది. కనుక చూడవలసినది మొక్క ఎచ్చటినుండి వచ్చినదని మాత్రమే కాదు; ఈ నేలతో పొత్తు కుదిరినదా, పొరుగునకు హాని లేదా అనునది.

గడువు ముగియనిదానిని ఉంచుడు. మన పెంపకమువలన చెడినదానికి చోటు మార్చి ఒక ఋతువు చూడుడు. స్వభావమే సరిపడనిదానిని చిన్ననాడే తీయుడు. హాని చేయుదానిని, అది ఎంత అందమైనదైనను, తొలగించుడు. ఇట్లు విచారించి తీసిన మొక్కను గూర్చి పిదప చింతింప బనిలేదు. విచారించి ఉంచినదానికి మరల నీరు పోయుటకు మనసు వెనుదీయదు.