ఘాట్ రోడ్డు సైక్లింగు

ఘాట్ రోడ్డు సైక్లింగు అనగా కొండలను చుట్టుకుంటూ పైకి సాగే ఏటవాలు రోడ్లపై సైకిలు తొక్కడం. దీనిని క్రీడగా, వ్యాయామంగా, యాత్రగా చేసేవారు ఉన్నారు. చదును నేలపై సైకిలు తొక్కేవారికి ప్రధానమైన అడ్డంకి గాలి. కొండదారిలో అడ్డంకి తన బరువు, సైకిలు బరువు. తెలంగాణ దక్షిణ భాగంలో ఇటువంటి ప్రయాణానికి నల్లమల అడవుల గుండా శ్రీశైలం వెళ్ళే రోడ్డు ముఖ్యమైనది.

ఏటవాలు, శక్తి

రోడ్డు ఏటవాలును శాతంలో చెబుతారు. 100 మీటర్లు ముందుకు సాగేటప్పుడు రోడ్డు 6 మీటర్లు పైకి లేస్తే అది 6 శాతం ఏటవాలు. మనిషి, సైకిలు కలిపి 80 కిలోలు ఉన్నారనుకుంటే, ఈ రోడ్డుపై గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి బరువును పైకి లేపడం కోసమే సుమారు 130 వాట్ల శక్తి కావాలి. టైర్ల రాపిడికి, గాలికి మరో 20 వాట్ల వరకు పోతుంది. ఇదే 150 వాట్లతో చదును రోడ్డుపై గంటకు 25 కిలోమీటర్లకు పైగా వేగంతో వెళ్ళవచ్చు. అలవాటు లేనివారికి ఇంత శక్తిని గంటసేపు ఆగకుండా ఇవ్వడం కష్టం. అందుకే చదును రోడ్డుపై రోజుకు ఎన్నో కిలోమీటర్లు తొక్కేవారు సైతం మొదటి ఘాట్‌లో అలసిపోతారు.

భారత రోడ్డు కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం కొండ ప్రాంతపు రోడ్లకు సాధారణ ఏటవాలు 5 శాతం. తప్పనిసరి అయితే 6, 7 శాతం వరకు అనుమతిస్తారు. తల వెంట్రుకల పిన్నులా తిరిగే మలుపుల వద్ద మాత్రం ఏటవాలు 2.5 శాతానికి మించరాదు. ఈ నియమం పెట్టింది బరువు వాహనాల కోసమే అయినా సైకిలు తొక్కేవారికి బాగా ఉపయోగపడుతుంది. మలుపు దగ్గర కాళ్ళకు కొంత ఊపిరి అందుతుంది. మలుపు లోపలి అంచు వెంట దూరం తక్కువ కనుక అక్కడ ఏటవాలు ఎక్కువ, బయటి అంచున తక్కువ. మన దేశంలో ఎడమవైపు నడవాలి కాబట్టి కుడివైపు తిరిగే మలుపులో సైకిలు సహజంగానే సులువైన బయటి అంచున ఉంటుంది. ఎడమ మలుపులో లోపలి అంచే దక్కుతుంది. అక్కడ సులువు కోసం రోడ్డు మధ్యకు జరగడం ప్రమాదకరం, ఎందుకంటే పై నుండి దిగే బస్సు కనపడదు.

గేర్లు

పల్లెల్లో పాల క్యాన్లు, గడ్డి మోపులు మోసే నల్ల సైకిలుకు గేర్లు లేవు. ముందు 44 పళ్ళు, వెనుక 18 పళ్ళు ఉన్న సైకిలు పెడల్ ఒక చుట్టు తిరిగితే 5 మీటర్లకు పైగా ముందుకు పోతుంది. చదును మీద ఇది సుఖమే. 6 శాతం ఏటవాలుపై 60 కిలోల మనిషి 22 కిలోల సైకిలును తొక్కాలంటే పెడల్‌పై సగటున 27 కిలోల బరువుకు సమానమైన ఒత్తిడి పెట్టాలి. పెడల్ అడ్డంగా ఉన్న క్షణంలో ఇది దాదాపు రెట్టింపు అవుతుంది. అంటే సీటు వదిలి పూర్తిగా నిలబడి తొక్కవలసిందే. ముందు 34, వెనుక 34 పళ్ళు ఉన్న తేలిక సైకిలుపై ఇదే మనిషికి 9 కిలోల ఒత్తిడి చాలు. బదులుగా కాళ్ళు వేగంగా ఆడాలి. గంటకు 8 కిలోమీటర్ల వేగానికి నిమిషానికి 60 చుట్లకు పైగా తొక్కాలి.

గేరు శక్తిని సృష్టించదు, మోయవలసిన భారాన్ని ఎక్కువ చుట్లకు పంచుతుంది. గేరు లేని సైకిలువారు ఘాట్‌లో దిగి నెట్టుకుంటూ వెళ్ళడానికి కారణం బలం లేకపోవడం కాదు.

చరిత్ర

19వ శతాబ్దం చివరలో ఫ్రాన్సులో పాల్ ద వీవీ అనే సైకిలు యాత్రికుడు కొండదారులకు ఎక్కువ గేర్లు కావాలని ప్రచారం చేశాడు. 1903లో టూర్ ద ఫ్రాన్స్ పందెం ప్రారంభించిన ఆన్రీ దెగ్రాంజ్ దీనిని వ్యతిరేకించాడు. గేరు సాయంతో కన్నా కండబలంతో గెలవడమే మేలన్నది ఆయన వాదన. 1910లో ఆ పందెం తొలిసారి పిరనీస్ పర్వతాలలోని 2,115 మీటర్ల తుర్‌మలే కనుమ దాటింది. ఆ ఏడు పందెం గెలిచిన ఆక్తావ్ లాపీజ్ సైతం అక్కడ కొంతదూరం సైకిలును నెట్టుకుంటూ నడిచాడు. కొండలు ఎక్కడంలో మేటికి 1933 నుండి ప్రత్యేక గుర్తింపు ఇస్తున్నారు. ఎర్రచుక్కల చొక్కా 1975లో వచ్చింది. చైన్‌ను ఒక పళ్ళ చక్రం నుండి మరొకదానికి మార్చే పరికరాన్ని ఈ పందెంలో 1937లో గాని అనుమతించలేదు.

పాలమూరు నుండి నల్లమలకు

పూర్వపు మహబూబ్ నగర్ జిల్లాలో ఉండి, 2016 నుండి వనపర్తి జిల్లాలో చేరిన కొత్తకోట 44వ జాతీయ రహదారిపై ఉంది. ఈ ప్రాంతం బండరాళ్ళ గుట్టల పీఠభూమి. ఇక్కడ ఘాట్ రోడ్డు లేదు. ఉన్నవి చిన్న మిట్టలు, పల్లాలు. అయితే ఎక్కుతూ దిగుతూ సాగే ఇటువంటి దారి కాళ్ళకు మంచి సాధన. కొత్తకోట నుండి తూర్పుగా వనపర్తి, నాగర్ కర్నూలు, అచ్చంపేట మీదుగా మన్ననూరు చేరితే నల్లమల మొదలవుతుంది.

మన్ననూరుకు ముందే రోడ్డు కొండ ఎక్కి అమ్రాబాద్ పీఠభూమి పైకి చేరుతుంది. అక్కడినుండి ఫరహాబాద్, వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట మీదుగా శ్రీశైలం వరకు 70 కిలోమీటర్లకు పైగా అడవిదారి. పెంట అంటే ఇక్కడ చెంచుల గూడెం. ఈగలపెంట దాటాక రోడ్డు మలుపులు తిరుగుతూ కృష్ణానది లోయలోకి దిగి, ఆనకట్ట దిగువన వంతెన దాటి, లింగాలగట్టు నుండి సున్నిపెంట మీదుగా మళ్ళీ పైకి ఎక్కుతుంది. ఈ దారి ప్రత్యేకత ఇదే. మామూలు కొండ స్థలాలకు వెళ్ళేటప్పుడు ఎక్కుడు, తిరిగి వచ్చేటప్పుడు దిగుడు. ఇక్కడ రెండు వైపులా ఘాట్ ఉన్నందున వెళ్ళేటప్పుడు హాయిగా దిగినదంతా తిరుగు ప్రయాణంలో ఎక్కి తీరాలి. సొమ్ము అప్పు చేసినట్టే. ఇక దోర్నాల వైపు నుండి వచ్చేవారు శిఖరం మీదుగా ఎక్కుతారు. శిఖరేశ్వరం ఎత్తు సముద్రమట్టం నుండి 2,830 అడుగులు.

అడవి నియమాలు

1983లో ఈ అడవులు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల సంరక్షణ కేంద్రంగా పులుల ప్రాజెక్టు కిందికి వచ్చాయి. 2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ భాగం అమ్రాబాద్ పులుల సంరక్షణ కేంద్రమైంది. ఇందులోని రోడ్డుపై రాత్రి 9 నుండి ఉదయం 6 వరకు వాహనాలను అనుమతించరు. కారులో వచ్చినవారికి ఇది గడియారం చూసుకోవలసిన విషయం మాత్రమే. సైకిలుపై వచ్చినవారు వేగాన్ని లెక్క వేసుకోవాలి. మధ్యాహ్నం మన్ననూరు వదిలి సగటున గంటకు 12 కిలోమీటర్లు తొక్కేవారు శ్రీశైలం చేరేసరికి చీకటి పడుతుంది. మధ్యలో ట్యూబు పగిలినా, కాలు పట్టేసినా అడవిలో చిక్కుకుంటారు. ఉదయం గేటు తెరవగానే బయలుదేరడమే పద్ధతి. ఊళ్ళు దూరదూరంగా ఉన్నందున నీళ్ళు, పంక్చరు సామాను వెంట ఉండాలి. తినుబండారాలు బయటికి కనబడితే కోతులు వదలవు. వేసవిలో ఆకు రాలిన అడవిలో నీడ తక్కువ, బండల వేడి ఎక్కువ.

దిగుడు

ఎక్కుడులో శ్రమ ఎక్కువ, కాని ప్రమాదం ఎక్కువగా ఉండేది దిగుడులోనే. 80 కిలోల భారం 100 మీటర్లు కిందికి దిగితే సుమారు 78 కిలోజౌళ్ళ శక్తి విడుదలవుతుంది. వేగం పెరగకుండా ఆపితే అందులో ఎక్కువ భాగం బ్రేకుల వద్ద వేడిగా మారుతుంది. రిమ్మును పట్టి ఆపే బ్రేకులను విడవకుండా నొక్కి ఉంచితే రిమ్ము కాలి ట్యూబు పగలవచ్చు. మలుపుకు ముందే రెండు బ్రేకులూ గట్టిగా నొక్కి వేగం తగ్గించి, తరువాత వదిలివేయాలి. నల్ల సైకిళ్ళ కడ్డీ బ్రేకులు వానలో తడిసిన ఇనుప రిమ్ముపై సరిగా పట్టవు. అటువంటప్పుడు ఘాట్ దిగేటప్పుడు కూడా నడవడమే మంచిది. ఇరుకైన కొండదారిలో ఎక్కే వాహనానికి దిగే వాహనం దారి ఇవ్వాలని రోడ్డు నియమాలు చెబుతాయి. తొక్కుతున్న ఎక్కుడులో ఒకసారి ఆగితే మళ్ళీ కదలడం సైకిలుకు ఎంత కష్టమో లారీకీ అంతే కష్టం. అయినా లారీ డ్రైవరు ఈ నియమాన్ని సైకిలుకు వర్తింపజేస్తాడని నమ్ముకుని మలుపులో మధ్యకు రారాదు.